నవాబుల మహలుకు ప్రస్థానం

మాచర్ల నుంచి హైదరాబాదు వెళ్లి, నవాబుల మహలు చూసి ఒక్క రోజులో తిరిగి రావచ్చు. ఉదయం ఆరు గంటల బస్సు అందుకోవాలి. మేం అందుకోలేకపోయాం.

మంగళవారం గుంటూరులో కంటి డాక్టరు మా ఆవిడ సుగుణకు శనివారం ఆపరేషన్ అన్నారు. ఒక కన్ను ఎప్పుడో పోయింది. రెండోదానికి పగటి వెలుగులో, అద్దాలు పెట్టుకుంటేనే చూపు ఆనుతుంది. ఆపరేషన్‌తో అదీ పోవచ్చు. చేయించకపోయినా పోతుంది. బయటికి వచ్చాక, ఏమన్నా చూడాలని ఉందా అని అడిగాను. ఆ మహల్లోని దీపాల గుత్తులూ ముందున్న తోటా చూస్తానంది. బుధవారం రక్తపరీక్షలకు పోతుంది, శుక్రవారం ఆసుపత్రిలో చేరాలి గనుక గురువారం ఒక్కటే మిగిలింది.

ఆ ఉదయం బస్సు వేళకు వర్జ్యం ఉంది. అలాంటప్పుడు ముందురోజే మంచి గడియలో ప్రయాణపు సంచీని వేరొకరి ఇంట్లో పెడతాం. ప్రయాణం అప్పుడే మొదలైనట్టు లెక్క. దాన్నే ప్రస్థానం ఉంచడం అంటారు. బుధవారం సాయంత్రం పక్కింటి కోటమ్మ ఇంట్లో సంచీ ఉంచాను. తువ్వాలు, మాత్రలు, కంటి చుక్కలతో పాటు సుగుణ అద్దాలు కూడా అందులోనే సర్దాను. చీకటి పడ్డాక ఆమెకు వాటితో పని లేదు.

తెల్లవారి వెళితే కోటమ్మ ఇంటికి తాళం. మిరపతోటకు నీళ్లు పెట్టడానికి పోయిందన్నారు. ఫోను చేస్తే తలుపు వెనకే మోగింది. సుగుణ అరుగు మీద కూర్చుంది.

"అన్నీ ముందే సర్దుతారుగా. నా కళ్లు కూడా సర్దేశారు," అంది.

ఆటోలో తోటకు వెళ్లి, కోటమ్మను బురద కాళ్లతోనే తీసుకొచ్చేసరికి తొమ్మిదయింది. "ఈ రోజుల్లో ప్రస్థానం ఎవరు పెడతన్నారు అన్నయ్యా? వర్జ్యం పోయినాకే ఎక్కుతారనుకున్నా," అంటూ తాళం తీసింది.

మాకు దొరికిన బస్సు పదిన్నరది. విజయపురి సౌత్‌లో ఎక్కిన పెద్దమనిషి మా సంగతి విని, "ఏంది, పాత ఇల్లు చూడ్డానికి అంత దూరమా? ఇక్కడ దిగి డ్యామ్ చూడరాదా," అని నవ్వాడు. సుగుణ కూడా నవ్వింది. మబ్బు పట్టింది. నేను కిటికీలోంచి ఆకాశాన్నే చూస్తూ కూర్చున్నాను. నగరంలో ట్రాఫిక్ దాటి ఆటో మహలు ముందు ఆగేసరికి, టికెట్ల కిటికీ మూయబోతున్నారు. బతిమాలి రెండు తీసుకున్నాను.

తోట మసకబారింది. నీటి తొట్టి గట్టును సుగుణ చేత్తో తడుముకుంటూ నడిచింది. లోపల దర్బారు హాల్లో దీపాలు అప్పటికే ఆర్పేశారు. గుత్తులు ఎక్కడున్నాయని అడిగింది. ఆమె గడ్డం పట్టుకుని తల పైకెత్తాను. చాలాసేపు చూసింది.

"ఆనట్లేదండీ."

గాజు గుత్తులనీ, వరసగా ఉన్నాయనీ చెప్పబోయాను. "చెప్పొద్దు. మీరు చెబితే అది మీరు చూసిందయిద్ది," అంది.

కాపలా మనిషి మా మాటలు విన్నట్టున్నాడు. గోడ దగ్గరికి వెళ్లి స్విచ్‌లు నొక్కాడు. హాలంతా ఒక్కసారిగా వెలిగింది. అంత వెలుగు నేనెక్కడా చూడలేదు.

సుగుణ ఇంకా పైకే చూస్తూ, "దీపాలు వేస్తారంటనా?" అంది.

అతను నా వైపు చూశాడు. నేను సుగుణ చెయ్యి పట్టుకుని గుమ్మం వైపు నడిపించాను.

తిరుగు బస్సులో పక్క సీటావిడ మహలు ఎట్లుందని అడిగింది. "చానా పెద్దదమ్మా. నడిస్తే తెలిసింది," అంది సుగుణ.

వెళ్లదలచినవారు పొద్దు వాలకముందే చేరుకోండి. తోట ఎండలో చూడాల్సినది.