మొదటి తప్పు చూపించమనే మేడం

మొన్న ఆబిడ్స్‌లో టైపు మిషన్లు బాగుచేసే దుకాణం ముందు నుంచి వెళ్తుంటే నూనె వాసన తగిలి ఆగిపోయాను. నాకు పని నేర్పిన భాగ్యలక్ష్మి మేడం చీర కొంగుకు ఎప్పుడూ ఆ వాసనే ఉండేది. నాంపల్లి సందులో, మేడమీద రెండు గదుల్లో ఆమె టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపేవారు. టైపు మిషన్లకు గిరాకీ తగ్గాక నాలుగు పాత కంప్యూటర్లు కొని, వాటిలో లినక్స్ అనే ఉచిత సిస్టం వేయించి, వాటిని చూసుకోవడానికి నన్ను పనిలో చేర్చుకున్నారు. మాది కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబం. నా 'అండి'లను ఆమె ముద్దుగా వెక్కిరించేవారు.

టైపులో తప్పు పడితే కాగితం లాగి చింపేయడం అందరికీ అలవాటు. ఆమె చింపనిచ్చేవారు కాదు. "పేజీ నిండ తప్పులున్నా సరే, మొదటి తప్పు ఏడుందో చూపియ్. గాడనే నీ వేలు జారింది. కడ్మ తప్పులన్ని దాని ఎనుక వచ్చినయే" అంటూ ఎర్ర పెన్సిల్ చేతికిచ్చేవారు. కంప్యూటర్ తెలిసినదాన్ని, నాకీ చాదస్తం ఎందుకని లోపల గొణుక్కునేదాన్ని.

ఒక పొద్దున ఆమె రాకముందే సిస్టం అప్‌డేట్ చేశాను. పనిరోజుల్లో వద్దని ఆమె చెప్పిన మాట పెడచెవిన పెట్టాను. అంతలో సుజాత అనే పాత విద్యార్థిని వచ్చింది. వానకు ఇల్లు కారి సర్టిఫికెట్ పాడైందట. మూడు గంటలకల్లా లక్డీకాపూల్ ఆఫీసులో నకలు చూపిస్తేనే ఉద్యోగం. విద్యార్థుల జాబితా తెరిచాను. తెలుగు పేరు ఒక్కటీ లేదు, అన్నీ ప్రశ్నార్థకాలే! నా పై ప్రాణాలు పైనే పోయాయి.

"అన్నీ పోయాయండీ. మొత్తం చెరిపి సిస్టం మళ్లీ వేయాలి" అన్నాను, మేడం రాగానే.

"జర ఆగు బిడ్డా. మల్ల కాయితం చింపుతున్నవ్. మొదటి తప్పు సదువు, నాకు ఇనవడాలె."

అప్పటిదాకా, అప్‌డేట్ తెర మీద వదిలిన హెచ్చరికల్లో చివరివే చూస్తున్నాను. పైకి వెళ్లి మొదటిది చదివాను. లొకేల్ దొరకలేదని ఉంది.

"అంటే ఏంది?"

"ఏ భాషలో చూపించాలో చెప్పే అమరిక అండి. అప్‌డేట్‌లో అది పోయింది. పేర్లు పోలేదు!"

చెబుతుంటే నాకే ధైర్యం వచ్చింది. భాషల పట్టికలో తెలుగును మళ్లీ ఎంచి, ఆ అమరికను కొత్తగా తయారుచేయించి, కంప్యూటర్ ఆపి మళ్లీ ఆన్ చేశాను. పేర్లన్నీ తిరిగొచ్చాయి. నకలు అచ్చు తీసి ఇస్తే, దానిమీద మేడం సంతకం ఆరకముందే సుజాత మెట్లు దిగి పరుగెత్తింది. వారం తర్వాత మొజంజాహీ మార్కెట్ ఐస్‌క్రీం పట్టుకుని వచ్చింది, ఉద్యోగం వచ్చిందని.

నకలు ఇచ్చిన రోజే, మధ్యాహ్నం అన్నం తినేటప్పుడు, "అప్‌డేట్ నేనే చేశానండి" అని చివరికి చెప్పేశాను.

"నాకెరుకే. నేను రాంగనే గా ముచ్చట చెప్తె ఇంకింత జల్ది దొరుకుతుండె" అన్నారు. మళ్లీ ఎన్నడూ ఆ ఊసెత్తలేదు.

ఇప్పుడు మేడం లేరు. నేనొక పెద్ద ఆఫీసులో ఇలాంటి కంప్యూటర్లే చూసుకుంటున్నాను. ఏదైనా ఆగిపోతే గదిలో అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. "ముందు నేనేం చేశానో చెబుతాను" అని నేనే మొదలుపెడతాను. ఆ తర్వాత మిగతావాళ్లూ నోరు విప్పుతారు. ఆ మాట అనడానికి మేడం ముందు నాకు సగం రోజు పట్టింది. ఇప్పుడు నిమిషం కూడా పట్టడం లేదు.