తోక దగ్గర ఏడో చుక్క

చేపల మ్యూజియంలో అందరూ ఆమెను చుక్కలమ్మ అనేవారు. గీతకన్నా చుక్కను నమ్మిన మనిషి. సన్నటి పాళీతో, నల్ల సిరాతో వేలకు వేల చుక్కలు పెట్టి, కాగితం మీద చచ్చిన చేప ఒంటికి గుండ్రదనం తెచ్చేది. ఎండ చొరబడని లోతుల్లో బతికే చేపలు ఆమె పాలబడేవి. వేలెడంతవి, బొగ్గులా నల్లనివి, నోటినిండా సూదుల్లాంటి పళ్ళున్నవి. వాటి రెక్కల్లో ముళ్ళెన్ని, మొప్పలకు పళ్ళెన్ని, వెన్నులో పూసలెన్ని అని ముప్పై ఏళ్ళుగా లెక్కపెడుతూ, గీస్తూ వచ్చింది.

చేపలంటే ఆమెకు భయం లేదు. పొరపాటంటే భయం. స్టవ్ ఆపి వీధి చివరిదాకా వెళ్ళి, మళ్ళీ వెనక్కొచ్చి చూసుకునేది. వాచీలు బాగుచేసే భర్త నవ్వేవాడు. "నా దగ్గరికొచ్చే గడియారాలన్నా అప్పుడప్పుడు ఆగుతాయి. నీ భయం మాత్రం కీ ఇవ్వకుండానే తిరుగుతుందే!"

ఆ భయాలన్నిటికీ పెద్దక్కలాంటి భయం ఒకటుంది. అది మూడో గదిలో, ఆరో బీరువాలో, పైనుంచి రెండో అరలో, ఒక స్పిరిట్ సీసాలో కూర్చుని ఉంది. పద్దెనిమిదేళ్ళుగా అక్కడే ఉంది. ఏటా సీసాల్లో స్పిరిట్ తగ్గితే నింపే పని చుక్కలమ్మదే అయినా, ఆ ఒక్క సీసా దగ్గరికొచ్చేసరికి చెయ్యి నొప్పనో, కళ్ళు తిరుగుతున్నాయనో చెప్పి పక్కవాళ్ళకు అప్పజెప్పేది.

ఒక మంగళవారం పొద్దున, కొత్తగా వచ్చిన అధికారిణి చేతిలో ట్రేతో ఆమె బల్ల దగ్గరికి వచ్చింది. చుక్కలమ్మకన్నా ఇరవై ఏళ్ళు చిన్నది. అందరూ మేడమ్ అంటారు.

"చుక్కలమ్మగారూ, ఓడవాళ్ళు మీ పేరున్న చేప దొరికిన చోటే మళ్ళీ వల వేశారు. పదకొండు చేపలు పడ్డాయి."

చుక్కలమ్మ చేతిలోని పాళీ కాగితం మీద ఆగిపోయింది. ఆగిన చోట సిరా ఊరి, చుక్క కాస్తా మచ్చయింది.

"అన్నీ అచ్చం మీ చేపలాగే ఉన్నాయి. పళ్ళు, ముళ్ళు, పూసలు అన్నీ సరిపోయాయి. కానీ తోక దగ్గర వెలుగు చుక్కలు ఆరే ఉన్నాయి, ఏడోది లేదు. పదకొండింటికీ లేదు! రేపు పొద్దున పాత సీసా దించి పక్కన పెట్టి చూద్దాం, సరేనా?"

"సరేనండీ" అంది చుక్కలమ్మ.

ఆ లోతు చేపల ఒంటి మీద సహజంగా వెలిగే చుక్కలుంటాయి, చీకట్లో కట్టిన దీపాల వరసల్లాగా. ఏ వరసలో ఎన్ని, ఏది పైన, ఏది కింద అన్న లెక్కే దాయాదుల్లాంటి చేపల్ని విడదీస్తుంది. పద్దెనిమిదేళ్ళ కిందట ఈ రకం చేప ఒకే ఒక్కటి వలలో పడి వచ్చింది. ఎడమ పక్క చర్మమంతా వల రాపిడికి ఊడిపోయింది. చేప బొమ్మ ఎప్పుడూ మూతి ఎడమవైపుకే పెట్టి గీయాలన్నది పద్ధతి. అందుకని చుక్కలమ్మ బాగున్న కుడి పక్కనే అద్దంలో చూస్తూ తిప్పి గీసింది. తోక మొదట్లో ఆరు చుక్కలు పెట్టింది. వాటికి కొంచెం పైన, మిగతా వాటితో సంబంధం లేనట్టు మెరుస్తున్న ఏడోదీ కనిపించింది. అదీ పెట్టింది.

అప్పటి పెద్దసారుకు రెండు కళ్ళల్లోనూ శుక్లాలు. "నీ కళ్ళే నా కళ్ళు అమ్మాయ్" అనేవాడు. ఆ బొమ్మ చూసే వివరణ రాశాడు. ఏడో చుక్క ఉన్న చేప ఇంతవరకూ లోకంలో లేదు కాబట్టి ఇది కొత్త జాతి అన్నాడు. ఆ జాతికి చుక్కలమ్మ అసలు పేరే పెట్టాడు. ఆ తరవాత చదువుకున్నవాళ్ళందరూ బొమ్మనే చూశారు. ఉన్న ఒక్క చేప నలిగిపోతుందని సీసాలోంచి ఎవరూ బయటికి తీయలేదు.

వివరణ అచ్చయిన వారం, చేపను గాజు పళ్ళెంలోంచి సీసాలోకి మారుస్తుంటే, పళ్ళెం అడుగున ఆవగింజలో సగమంత పొలుసు కనిపించింది. దాని నడుమ వెండిలా ఒక చుక్క. తాను గీసిన ఏడో చుక్క ఇదేనేమో. వల పైకి లాగేటప్పుడు వందల చేపలు ఒకదానికొకటి ఒరుసుకుంటాయి, ఒకదాని పొలుసు ఇంకోదాని ఒంటికి అతుక్కుంటుంది. ఆమెకు తెలియని సంగతి కాదు. సొంత చుక్కయితే పొలుసు ఊడినా కింద చర్మంలో నల్లటి గుంట మిగులుతుంది. పరాయిదైతే ఏమీ ఉండదు. తోక వంక ఒక్కసారి చూస్తే తేలిపోయేది.

ఆమె చూడలేదు.

సీసాలో రాలింది ఏదైనా ఆ సీసాలోనే ఉండాలని మ్యూజియం నియమం. పారేయడానికి ధైర్యం చాలలేదు. పొలుసును చిటికెన వేలంత గాజు గొట్టంలో వేసి, దూది కుక్కి, చేప పక్కన జారవిడిచింది. ప్రతి గొట్టంలోనూ అదేమిటో, ఎక్కడిదో రాసిన చీటీ పెట్టాలి. దానికి మాత్రం చీటీ పెట్టలేదు.

ఆ మంగళవారం సాయంత్రం అన్నం కలిపి అలాగే వదిలేసింది. భర్త రెండుసార్లు అడిగాడు. మూడోసారి మొత్తం చెప్పేసింది.

"ఇన్నేళ్ళలో ఒక్కసారి మూత తీసి చూసుకోకపోయావా?"

"చూస్తే తెలిసిపోతుంది కదండీ!"

ఆయన కాసేపు కంచంలో వేలు పెట్టి కెలికాడు. "వాచీ బిగించాక ఒక స్క్రూ మిగిలిపోయిందనుకో. నేనేం చేస్తానో తెలుసా?"

"ఏం చేస్తారు?"

"మనిషికి చెప్పను. స్క్రూ డబ్బాలో దాస్తాను. ఆ వాచీ ఏ రోజు తిరిగొస్తుందోనని, కొట్టు ముందు ఎవరు ఆగినా గుండె గుభేలుమంటుంది."

"మరి తిరిగొస్తే?"

"ఇంకా రాలేదుగా!" అన్నాడు. ఇద్దరికీ నవ్వొచ్చింది.

మర్నాడు ఏడింటికే మ్యూజియానికి వెళ్ళింది. తాళాలు ఆమె దగ్గరే ఉంటాయి. మూడో గది తలుపు తీయగానే స్పిరిట్ ఘాటు ముక్కుకు కొట్టింది. స్టూలెక్కి సీసా దించింది. పొడుగాటి పట్టకారుతో గొట్టం పైకి తీసింది. పక్కనే సింకు, దానికో కుళాయి. దూది లాగి వంచితే చాలు, ఆవగింజలో సగం ఏ కాలవలో కలిసిందో ఎవరికీ తెలియదు. అప్పుడు ఆ చుక్క కాలం గడిచి చెరిగిపోయిందనుకుంటారు. పేరు నిలుస్తుంది. పెద్దసారు మాట నిలుస్తుంది.

గొట్టం సింకు మీదికి చాపింది. ఎంతసేపు అలా నిలబడిందో ఆమెకే తెలియదు. రేపటి నుంచి కూడా ఈ గదిలోకి రావాలి కదా అన్న ఆలోచన ఎక్కడి నుంచో వచ్చింది. ఈ బీరువా ఇక్కడే ఉంటుంది.

గొట్టం బల్ల మీద పెట్టింది. చేపను పళ్ళెంలోకి తీసి మైక్రోస్కోపు కింద జరిపింది. కళ్ళు మూసుకునే వంగింది. తరవాత తెరిచింది.

ఆరు చుక్కలు. పైన ఏడోది ఉండాల్సిన చోట చర్మం నున్నగా ఉంది. గుంట లేదు.

ఆమె పెన్సిలు చెక్కి, చీటీ మీద ఆనాటి తేదీ వేసి రాసింది: "పళ్ళెం అడుగున దొరికిన పొలుసు. ఈ చేపది కాదు." కింద తన పేరు రాసింది. అదే పేరు చేపకూ ఉంది.

మేడమ్ వచ్చేసరికి అన్నీ వరసగా బల్ల మీద ఉన్నాయి. చుక్కలమ్మ ఒక్కటీ దాచకుండా చెప్పింది. మేడమ్ మైక్రోస్కోపులోకి రెండుసార్లు చూసింది.

"సారుకు ఎవరు చెప్తారు?" అంది.

"నేనే చెప్తానమ్మా. తోడు మాత్రం రండి."

పెద్దసారు ఇల్లు రెండు వీధుల అవతల. ఆపరేషన్ అయ్యాక కళ్ళు బాగా కనిపిస్తున్నాయి. పేపరు చదువుకుంటున్నాడు. కూర్చోమన్నా కూర్చోకుండా, గుమ్మం పట్టుకుని చెప్పింది చుక్కలమ్మ. ఆయన ముఖం నల్లబడింది.

"ఎన్నాళ్ళ నుంచి తెలుసు?"

"ఇవాళ పొద్దుట్నుంచే సార్. భయం మాత్రం పద్దెనిమిదేళ్ళ నుంచి ఉంది."

"భయమట!" పేపరు విసిరికొట్టాడు. "నా మాట పోతే పోయింది. నీ పేరు పోతే పోయింది. ఇన్నేళ్ళు ఆ బొమ్మ చూసి ఎంతమంది తప్పు నేర్చుకున్నారో ఆలోచించావా అమ్మాయ్?"

ఆమె తల వంచుకుని నిలబడింది. ఆయన కిటికీ వైపు తిరిగాడు. ఇటు తిరగకుండానే అడిగాడు.

"ఆ పొలుసు పారేశావా?"

"లేదు సార్. ఉంది."

"ఈ చేపది కాదన్నావు. మరి ఎవరిది?"

చుక్కలమ్మ తలెత్తింది. పద్దెనిమిదేళ్ళలో ఆ ప్రశ్న ఒక్కసారి కూడా తట్టలేదు.

ఆనాడు అదే వలలో వచ్చిన మిగతా చేపలు మ్యూజియంలో తొమ్మిది సీసాల్లో ఉన్నాయి. పెద్దసారు కూడా వాళ్ళతో వచ్చాడు. మధ్యాహ్నమంతా ముగ్గురూ వంతులవారీగా మైక్రోస్కోపు మీద వంగారు. పెద్దసారు సీసా సీసాకీ చెయ్యి చాపుతూనే ఉన్నాడు. ఏ చేప ఒంటి మీదా ఆ చుక్క లాంటిది లేదు. చివరి సీసా మూత బిగించాక, చుక్కలమ్మ కొత్త కాగితం పరిచి పొలుసు బొమ్మ మొదలుపెట్టింది. మూతి ఎడమవైపుకు పెట్టాలన్నది పద్ధతి. ఈ పొలుసుకు మూతి ఎటువైపో ఆమెకు తెలియదు.

సాయంత్రం ఇంటికి వెళ్ళేసరికి భర్త గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు.

"ఏమైంది? స్క్రూ సంగతి చెప్పేశావా?"

"చెప్పేశానండీ. స్క్రూ ఉంది. దాని వాచీయే ఎక్కడుందో తెలియడం లేదు" అని, పొద్దున స్టవ్ ఆపిందో లేదో చూడడానికి గబగబా వంటింట్లోకి వెళ్ళింది.