నిమ్మతోటకు గండి

గూడూరు నిమ్మకాయలంటే అందరికీ నెల్లూరు వైపు ఊరే గుర్తొస్తుంది. బందరు పక్కనున్న మా గూడూరు చుట్టూ కనుచూపు మేర వరే. అలాంటి చోట, ఇంటి వెనక పొలంలో ఓ మూల నిమ్మచెట్లు నాటి అందరి చేతా వెర్రివాడనిపించుకున్నారు మా మావయ్యగారు. ఆయన పోయాక తోట పెత్తనం మా అత్తయ్యకు వచ్చింది. ఆవిడ నిమ్మను కూడా వరిలాగే పెంచింది.

ఎండిన నేల కంటబడితే ఆవిడ ప్రాణం ఒప్పదు. కాలవకు నీళ్లు వదిలారని తెలిస్తే చాలు, చెంగు బొడ్లో దోపి పార భుజాన వేసుకునేది. ముందు మడికి, ఆ తర్వాత తోటకి. చెట్ల మొదళ్లు మునిగేదాకా నీళ్లు పెట్టి, అప్పుడు గట్టు మీద కూర్చుని ఊపిరి పీల్చుకునేది. వాన పడితే ఒక్క చుక్క బయటికి పోకుండా గట్లకున్న గండ్లన్నీ పూడ్చేది. ఆవిణ్ణి అని లాభం లేదు, మా వైపు వ్యవసాయమంటే నీళ్లు నిలబెట్టడమే.

ఆకులు పసుపుబారాయి. మొదళ్ల దగ్గర బెరడు పగిలి బంక కారింది. కోతలయ్యాక ఒకరోజు మా బావగారు, అంటే ఆవిడ పెద్దకొడుకు, తోటంతా తిరిగి చూసి తేల్చేశారు.

"ఇంకో ఏడాది చూద్దామమ్మా. బాగుపడకపోతే రొయ్యల చెరువు తవ్వించేద్దాం. పక్కవాళ్లు లీజుకి అడుగుతున్నారు."

"చెరువులో ఉప్పు నేలలోకి దిగితే పక్కన వరి కూడా పోతుందిరా" అంది అత్తయ్య.

"మరి ఈ పుల్లల్ని ఏం చేసుకుంటావు?"

ఎవరికైనా ఎదురు చెప్పే మనిషి అలా తల దించుకుంటే నాకు ఒళ్లు మండింది.

గడ్డివామి పక్కన దిబ్బ మీద ఒక్క నిమ్మచెట్టు ఉంది. నీళ్లు అంత ఎత్తుకు ఎక్కవు. ఎవరూ పట్టించుకోని ఆ చెట్టు నిండా కాయలే.

"మనం నీళ్లు పెట్టని చెట్టే బాగుంది, చూశారా అత్తయ్యా?"

"అది మొండిది. నీలాగే."

నేను నిజంగానే మొండిదాన్ని. ఫోనులో ఫొటోలు తీసి, మండలంలో వ్యవసాయం చూసే ఆఫీసరమ్మకు చూపించాను. మొదలు తడవకూడదనీ, దాని చుట్టూ మట్టి ఎగదోసి, కాస్త దూరంగా గుండ్రటి పాదు ఇంకోటి చేసి నీళ్లు అందులోనే పెట్టాలనీ ఆవిడ చెప్పింది. బంక గీకేసి, మైలుతుత్తం, సున్నం కలిపిన బోర్డో పేస్టు పూశాను. మిషను కోత అయిన చేలల్లో గడ్డి తగలబెట్టేస్తుంటే, అడిగి తెచ్చుకుని పాదుల్లో పరిచాను. అంతవరకూ తోటలో కొడుతున్న కలుపు మందు డబ్బాని మళ్లీ గుమ్మం తొక్కనివ్వలేదు.

కష్టమల్లా అత్తయ్యతోనే. కాలవకు నీళ్లొచ్చిన రోజున ఆవిడ కాలుగాలిన పిల్లిలా తిరిగింది.

"కాలవ నిండా నీళ్లు పోతుంటే చెట్లని ఎండబెడతావా? పాపం తగులుతుందే అమ్మాయ్."

"చెట్టుకి నీళ్లు తాగడానికండీ, అందులో నుంచోడానికి కాదు."

ఆ మాట ఎన్నిసార్లు చెప్పానో. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే ఉండేది. మొక్కై వంగనిది మానై వంగునా అని మనసులో తిట్టుకుని, పార తీసి అటక మీద పెట్టేశాను.

వానాకాలం వెళ్లేసరికి కొత్త చిగుళ్లు వచ్చాయి. అంతా గట్టెక్కిందనుకుంటుండగా వాయుగుండం పట్టింది. తెల్లారి లేచి చూస్తే అత్తయ్య మంచం ఖాళీ. అటక మీద పార లేదు. గండ్లు పూడ్చడానికే వెళ్లిందనుకుని, ఏడాది కష్టం నీళ్లపాలైందని ఏడుపూ కోపమూ కలిసొచ్చి వానలోనే పరిగెత్తాను.

మోకాలి లోతు నీళ్లలో ఉంది ఆవిడ. మురుగు కాలవ వైపు గట్టుకు గండి కొడుతోంది. చేతులారా కట్టుకున్న గట్టు మట్టిని పెళ్లలు పెళ్లలుగా అవతలికి విసురుతోంది. తోటలో నీళ్లు సుళ్లు తిరుగుతూ బయటికి పోతున్నాయి.

"చూస్తూ నుంచున్నావేం? ఆ మూల నువ్వు కొట్టు."

పార ఒక్కటే ఉంది. చేతులతోనే తవ్వాను. వానలో ఎవరికి తెలుస్తుందిలే అని హాయిగా ఏడ్చాను కూడా.

ఎండలు ముదిరాక బావగారు బండి మీద వచ్చారు. కాయల బరువుకు కొమ్మలు వంగి ఉన్నాయి. ఆయన చెట్ల మొదళ్లకేసి చూసి, "నువ్వేనా అమ్మా, మొదళ్లిట్లా పొడిగా వదిలేసింది?" అన్నారు.

"చెట్టుకి నీళ్లు తాగడానికిరా, అందులో నుంచోడానికి కాదు" అంది అత్తయ్య, నా వైపు చూడనైనా చూడకుండా.

బావగారు చెరువు మాట ఎత్తబోతుంటే ఆవిడ గంప తెచ్చి ఆయన చేతిలో పెట్టింది.

"ఎట్లాగూ వచ్చావు. ఆ పై కొమ్మలు మాకందవు."

బావగారు చొక్కా చేతులు మడుచుకున్నారు.