తాళాల గుత్తి పరీక్ష

నా చిన్నప్పుడు బెజవాడలో ఆదివారం అంటే మిగతా పిల్లలకు మ్యాట్నీ. నాకు మాత్రం మా తాతయ్య వెంట ఎవరో ఒకరి ఇంటికి వెళ్ళి వాళ్ళ పాటల సెట్టు వినడం. తాతయ్యకూ ఆయన స్నేహితులకూ అదొక పిచ్చి. గవర్నర్‌పేటలో తిరిగి తిరిగి వాల్వులూ ట్రాన్స్‌ఫార్మర్లూ తెచ్చుకుని ఎవరి ఆంప్లిఫయర్ వాళ్ళే బిగించుకునేవారు. వడ్రంగి చేత టేకు పెట్టెలు చేయించి స్పీకర్లు కూర్చేవారు. ఆ తర్వాత ఒకరి సెట్టు ఒకరు విని వంకలు పెట్టేవారు. పెళ్ళిచూపుల్లో పిల్లను కూడా ఇంత పట్టి పట్టి చూడరని మా అమ్మమ్మ దెప్పేది.

ఆ వినడానికి ఒక పద్ధతి ఉండేది. రికార్డు తిరుగుతున్నంతసేపూ ఎవరూ నోరు విప్పకూడదు. అయిపోయాక ఎలా ఉందో ఒక్కొక్కరూ చెప్పాలి, అదీ అందరికంటే చిన్నవాళ్ళతో మొదలుపెట్టి. పెద్దల మాట విని చిన్నవాళ్ళు దాన్నే వల్లించకుండా ఆ ఏర్పాటు. మొహమాటానికి బాగుందనడం వాళ్ళలో మహాపాపం. ఎప్పుడూ అందరికంటే చిన్నదాన్ని నేనే కాబట్టి తీర్పు నాతోనే మొదలయ్యేది. నా అభిప్రాయానికి అంత విలువ ఇచ్చిన చోటు ఆ తర్వాత నాకెక్కడా తగల్లేదు, అత్తవారింట్లో అసలే తగల్లేదు.

పామర్రులో తాతయ్యకు బడి రోజుల నుంచీ స్నేహితుడు ఒకాయన ఉండేవారు. నేను ఆయన్ని పామర్రు తాతగారు అనేదాన్ని. కొత్త సెట్టు పూర్తయింది, వచ్చి వినండని ఆయన కబురు చేస్తే తాతయ్యా, నేనూ, ప్లీడరుగారూ బస్సెక్కాం. ఈ ప్లీడరుగారు కోర్టులో ఎలా ఉండేవారో గానీ బయట మాత్రం మనసులో ఏదీ దాచుకోలేని మనిషి. అంతకుముందు ఒకాయన సెట్టు విని, రేకు డబ్బాలో కంకర పోసి ఊపినట్టుందన్నారు. ఆ ఇంటివాళ్ళు మమ్మల్ని మళ్ళీ గుమ్మం ఎక్కనివ్వలేదు.

పామర్రులో మేం చెప్పులు విప్పగానే అక్కడి మామ్మగారు మంచినీళ్ళు ఇచ్చే వంకతో తాతయ్యను వంటింటి వసారాలోకి పిలిచింది. నేనూ వెనకే వెళ్ళాను.

"అన్నయ్యగారూ, ఈయనకి చెవులు మందగించాయండీ. చెబితే ఒప్పుకోరు. మొన్న వెనకాల సైకిలు బెల్లు వినపడక కాలవ గట్టు మీద పడిపోయారు. పైగా వాడు బెల్లు కొట్టలేదని వాడితోనే తగువు. రోజూ బందరు రోడ్డు మీదకే నడకకి వెళ్తారు, అన్నీ లారీలు. నేను నోరెత్తితే అన్నం మానేసి కూర్చుంటున్నారు. మీరైనా ఓ మాట చెప్పండి" అంది.

తాతయ్య నీళ్ళు తాగి, చూద్దాంలేమ్మా అన్నాడు. ఏం చూస్తాడో నాకు అర్థం కాలేదు.

ముందు గదిలో వయొలిన్ రికార్డు పెట్టారు. మొదటి తీగ పలకగానే నాకు పళ్ళు జిల్లుమన్నాయి. అది వయొలిన్‌లా లేదు, పలక మీద మేకు గీసినట్టు ఉంది. వయసు మీద పడ్డాక ముందుగా పోయేది సన్నటి శబ్దాలేనట. పామర్రు తాతగారు అవి తన చెవికి అందేదాకా సెట్టులో పెంచుకుంటూ పోయారు, మా చెవులు చిల్లులు పడేలా. ఇదంతా తాతయ్య తర్వాత చెబితే తెలిసింది. అప్పుడు మాత్రం పామర్రు తాతగారు కళ్ళు మూసుకుని, పెదవుల మీద చిరునవ్వుతో తల ఊపుతుంటే చూడలేకపోయాను. ప్లీడరుగారు కుర్చీలో అటూ ఇటూ మెసులుతున్నారు. ఆయన నోరు తెరిచినప్పుడల్లా తాతయ్య ఆయన మోకాలి మీద చెయ్యి వేసి నొక్కుతున్నాడు. ఆ రికార్డు ఎప్పటికీ అయిపోకూడదని నేను దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను.

అయిపోయింది. పామర్రు తాతగారు ముల్లు ఎత్తి నావైపు తిరిగారు. "ఊఁ, చెప్పవే అమ్మడూ. ఉన్నది ఉన్నట్టు చెప్పు" అన్నారు. బాగుందంటే అబద్ధం. రేపు మళ్ళీ ఆ లారీల రోడ్డు మీదకు ఆయన నిశ్చింతగా నడిచి వెళ్తారు. బాగాలేదంటే కోపం వచ్చి మమ్మల్ని పంపేస్తారు, ఇక ఎవరి మాటా వినరు. గుమ్మం దగ్గర మామ్మగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది.

"ఆగరా" అన్నాడు తాతయ్య. "సెట్టుకి మార్కులు తర్వాత. ముందు మనలో ఎవరి చెవులు ఎంత గట్టివో తేలనీ." అందరం గోడవైపు తిరిగి కూర్చుని కళ్ళు మూసుకోవాలి. మామ్మగారు పెరటి గుమ్మం నుంచి నడుముకున్న తాళాల గుత్తి మెల్లగా ఆడిస్తూ మా దగ్గరకు రావాలి. వినపడగానే చెయ్యి ఎత్తాలి. పందెమంటే సరదాపడే మనిషి కాబట్టి పామర్రు తాతగారు వెంటనే గోడకేసి తిరిగారు.

తాళాలు ఇంకా పెరట్లో ఉండగానే నేను చెయ్యి ఎత్తాను. ఎత్తి, కళ్ళు తెరిచి దొంగచూపు చూశాను. ప్లీడరుగారి చెయ్యి లేచింది. తాతయ్య చెయ్యి లేవలేదు. పక్కగదిలో నేను బిస్కెట్ల డబ్బా మూత తీస్తే పసిగట్టే మనిషి, చేతులు ఒళ్ళో పెట్టుకుని కదలకుండా కూర్చున్నాడు. తాళాలు వసారా దాటాయి. గదిలోకి వచ్చాయి. నాకు ఏడుపొచ్చింది, ఎందుకో తెలియదు. చివరికి మామ్మగారు భర్త వీపు వెనకే నిలబడి గుత్తిని గట్టిగా ఊపితే గానీ ఆయన చెయ్యి పైకి లేవలేదు. తాతయ్య కళ్ళ కొసలనుంచి కనిపెట్టి ఉన్నాడు కాబోలు, ఆయనతోపాటే తనూ ఎత్తాడు.

కళ్ళు తెరిచి చూసుకుంటే ఆవిడ ఎక్కడుందో, మా చేతులు ఎప్పటినుంచి లేచి ఉన్నాయో అందరికీ తెలిసిపోయింది. తాతయ్య తల గోక్కుని, "మన పని అయిపోయిందిరా, ఇద్దరిదీ" అన్నాడు. ప్లీడరుగారు జన్మలో మొదటిసారి మొహమాటపడి, ఎత్తిన చెయ్యి చటుక్కున దించేసుకున్నారు.

పామర్రు తాతగారు "అయితే ఆ సైకిలు కుర్రాడు బెల్లు కొట్టే ఉంటాడు" అన్నారు. మామ్మగారు లోపలికి వెళ్ళిపోయింది.

చెవుల డాక్టరు దగ్గరకు ఒక్కణ్ణీ వెళ్ళాలంటే భయంగా ఉంది, తోడు రారా అని తాతయ్య అడిగాడు. అలా అడిగితే కాదనలేక ఆయన బెజవాడ వచ్చారు. నేనూ వెంట వెళ్ళాను. డాక్టరు ముందు పామర్రు తాతగారిని పరీక్షించి చెవి మిషను రాశాడు. తర్వాత తాతయ్యను చూశాడు. రోజంతా వినపడనివాళ్ళతో మాట్లాడే అలవాటేమో, ఆ గదంతా దద్దరిల్లేలా, "మీ చెవులు భేషుగ్గా ఉన్నాయండీ, మీరెందుకొచ్చారు?" అన్నాడు. అది పామర్రు తాతగారికి కూడా వినపడింది.

బయటకొచ్చి రోడ్డు దాటడానికి నిలబడ్డాం. ఆయన తాతయ్య మొహంలోకి చూడకుండా, "ఆ వేళ నీకు పెరట్లోనే వినపడింది కదరా" అన్నారు. "వినపడింది. నువ్వు ఎత్తకుండా నేనెలా ఎత్తనురా?" అన్నాడు తాతయ్య. పామర్రు తాతగారు తాతయ్య చెయ్యి పట్టుకుని రోడ్డు దాటారు, దాటాక కూడా వదల్లేదు.

నాది దురుసు నోరు. ప్లీడరుగారి పోలికే గానీ తాతయ్య పోలిక కాదని మావాళ్ళు అంటారు. అయినా ఎదుటివాళ్ళ మనసు నొచ్చే మాట చెప్పవలసి వచ్చినప్పుడల్లా నాకు ఆ గోడా, ఒళ్ళో కదలని ఆ చేతులూ గుర్తొచ్చి నాలుక ఆగుతుంది. ఈమధ్య మా ఆయన గన్నవరం నుంచి కారు నడుపుకుంటూ వస్తూ రెండుసార్లు డివైడరును రాసుకున్నారు. కళ్ళ సంగతి ఎత్తితే కస్సుమంటున్నారు. నిన్న కళ్ళ డాక్టరుకు ఫోన్ చేసి ఇద్దరం చూపించుకోవాలని చెప్పాను. ముందు నా పేరే రాయించాను.