దివిటీవాడి మీద మా తీర్మానం

పోయిన ఆదివారం మా పాత బడి ఉపాధ్యాయుల వాట్సాప్ గ్రూపులో ఎవరో ఒక చిన్న వీడియో పెట్టారు. ఉద్యమం రోజుల్లో ప్రతి సాయంత్రం ఏడున్నరకు జనగామ అంతా టీవీ ముందు కూర్చుని చూసిన మాయల సీరియల్‌లోని తునక అది. కొండగుహలో మాంత్రికుడి పక్కన దివిటీ పట్టుకుని నిలబడ్డ సేవకుడు మన యాసలో ఏదో అంటాడు, గుహంతా ఘొల్లున నవ్వుతుంది. అంతే, చర్చ మొదలైంది. ఏళ్ల తరబడి నడిచిన ఆ సీరియల్‌లో రాత ఎక్కడ చెడిందని, ఉద్యోగాలు విరమించి మందుబిళ్లల వేళలు చూసుకుంటున్న వాళ్లు కూడా అప్పటి పట్టుదలతోనే వాదించుకున్నారు. దివిటీవాణ్ణి కొండమీద నుంచి పడేసి చంపిన వారం నుంచే ఆ కథ పని అయిపోయిందని చివరకు అందరూ ఒప్పుకున్నారు. మన యాస మాట్లాడుతున్నాడని కక్షగట్టి చంపేశారని లెక్కల సార్ రాస్తే, దాని కింద వరుసగా బొటనవేళ్లు లేచాయి. నేను ఆ బొటనవేళ్లను చూస్తూ కూర్చున్నాను. కోపం రాలేదు, ఏడుపూ రాలేదు. వాణ్ణి చంపించింది మనమేనని, మనలోనూ ముఖ్యంగా నేనేనని చెప్పవలసిన వేళ దాటిపోయి చాలా ఏళ్లయింది. అయినా ఈ గ్రూపులోనే రాస్తున్నాను.

మా ఇంట్లో మాట్లాడేది దక్కనీ ఉర్దూ. తెలుగు మీది ఇష్టంతో నేను తెలుగు పంతులునయ్యాను. మా ఆపాను, అంటే మా అక్కను, నర్మెట్టకు ఇచ్చారు. ఆమె భర్తకు, మా దూలాభాయ్‌కి, తెలుగు మీద నాకంటే ఎక్కువ ఇష్టం. ఆయన హైదరాబాదులో ఆ సీరియల్‌కే మాటలు రాసేవాడు. తెర మీద ఆయన పేరు పడేది కాదు. పేరు పడే పెద్ద రచయిత కథ చెబితే, పాత్రల నోట పలికే ప్రతి మాటా ఈయన కూర్చి ఇచ్చేవాడు. శనివారాలు జనగామ స్టేషన్‌లో రైలు దిగి, మా ఇంట్లో చాయ్ తాగి, నర్మెట్టకు పోయేవాడు. ఇంటి సంగతులు దక్కనీలో చెప్పేవాడు గానీ, సీరియల్ సంగతి వచ్చేసరికి తెలుగులోకి మారిపోయేవాడు, అది ఆ భాషలో చెబితేనే అందం అన్నట్టు.

ఆ శనివారాల్లో ఒకనాడు, ఎవరికీ చెప్పనని నా చేత మాట తీసుకుని, దివిటీవాడి సంగతి చెప్పాడు. వాడు నౌకరు కాదట, చిన్నప్పుడు తప్పిపోయి మన పల్లెల్లో పెరిగిన రాకుమారుడట. అది ఇంకో ఏడాదికి గానీ బయటపడదు. పెద్ద రచయితకు కూడా సగమే చెప్పి ఒప్పించాడట.

"ఇప్పుడు నవ్వనీయి తమ్మీ వాళ్లను. వాడు గద్దెనెక్కిన నాడు గూడ గిదే మాట మాట్లాడుతడు. వాని భాష మార్చేది లేదు. రాజు మాట్లాడుతుంటే ఎవడు నవ్వుతడో చూస్త," అన్నాడు. మామూలుగా మెల్లగా మాట్లాడే మనిషి ఆనాడు గోడ అవతలికి వినిపించేంత గట్టిగా అన్నాడు. ఆ ఒక్క ఘట్టం కోసమే తాను పేరు లేకుండా ఇన్నేళ్లు రాస్తున్నానని కూడా అన్నాడు.

ఆ తరువాత కొద్ది నెలలకే ఉద్యమం ఊపందుకుని, బస్సులు నిలిచి, బళ్లు మూతబడ్డాయి. జనగామలో రోడ్డు పక్కన వేసిన రిలే దీక్షల టెంటులో రోజుకొక వర్గం వారు కూర్చునేవారని మీకు గుర్తుండే ఉంటుంది. ఒకనాడు దర్జీలు, ఒకనాడు పత్తి మార్కెట్ హమాలీలు, ఒకనాడు వకీళ్లు. సాయంత్రం నిమ్మరసం ఇచ్చి దీక్ష విరమింపజేసే ముందు ఆనాటి వారు ఒక తీర్మానం చదవాలి. అది ఆ టెంటు పద్ధతి. మా ఉపాధ్యాయుల వంతు వచ్చేసరికి నీళ్ల మీద, కొలువుల మీద, చదువుల మీద తీర్మానాలన్నీ ముందువాళ్లే చేసేశారు. మాకు కొత్తది ఏదీ మిగలలేదు. మధ్యాహ్నం ఎండకు టెంటు గుడ్డ కాగుతుండగా, ఆకలి మరవడానికి అందరం సీరియల్ మీద పడ్డాం.

"రాత బొత్తిగ పాడైంది. మాంత్రికుడు మూడు వారాలసంది గవే మెట్లు దిగుతుండు," అన్నాడు లెక్కల సార్.

"మెట్లు దిగితే దిగనియ్యి. గా దివిటీవాడు నోరు తెరిస్తే అచ్చం మా అవ్వ లెక్క మాట్లాడుతడు, వాళ్లేమో కిసకిస నవ్వుతరు. మా అవ్వ వాళ్లకు నవ్వులాటనా?" అన్నాడు డ్రాయింగ్ సార్.

"నువ్వు పాఠం చెప్పినా పిల్లలు నవ్వుతరు గదనే. దానికి యాస ఏం జేసె?" అని డ్రిల్లు సార్ అనగానే టెంటంతా నవ్వింది. డ్రాయింగ్ సార్ మాత్రం నవ్వలేదు. నా వైపు తిరిగాడు.

"తెలుగు సార్, మీరేంది సప్పుడు జేస్త లేరు? మీ బావ పట్నంల సీరియళ్ల పనే గదా. కొంపదీసి గిది ఆయన రాతనా ఏంది?"

ఆయన వేళాకోళానికే అన్నాడు. నేను కూడా నవ్వి ఊరుకోవచ్చు. లేదా, కొంచెం ఓపిక పట్టండి, ఆ పాత్రను ఎటు తీసుకుపోతున్నారో చూద్దాం అని ఒక విమర్శకుడి మాటగా చెప్పవచ్చు. సీరియల్ రాత బాగుందో లేదో తేల్చేది నేనే అని అందరికీ ఒక నమ్మకం ఉండేది గనుక, విని ఊరుకునేవారు కూడా. కానీ ఆ క్షణంలో అన్ని ముఖాలూ నా వైపు తిరిగేసరికి, మన మాటను నవ్వులపాలు చేసింది మా ఇంటివాడేనంటారని నాకు భయం వేసింది.

"ఏ, ఆయన ఆడ నకళ్లు రాసేటాయన. కథతోని ఆయనకేం పని?" అన్నాను.

ఆ మాట నిజమని నిలబెట్టుకోవాలని కాగితం తెమ్మన్నది కూడా నేనే. మన భాషను అపహాస్యం చేస్తున్న ఆ పాత్రను వెంటనే తొలగించాలన్న మొదటి వాక్యం టెంటు అడిగింది. దాని కింద, అటువంటి సంభాషణలు రాస్తున్న వ్యక్తిని ఆ బాధ్యత నుంచి తప్పించాలన్న రెండవ వాక్యం ఎవరూ అడగలేదు. అది నేనే చేర్చాను. మొదటి సంతకం డ్రాయింగ్ సార్‌ది, నాది ఎక్కడో అడుగున. చదువుతుంటే చప్పట్లు కొట్టారు. నేను నిమ్మరసం రెండు గ్లాసులు తాగాను.

ఆ రోజుల్లో ఒక టెంటులోని తీర్మానాన్ని ఇంకో టెంటువాళ్లు ఫోన్లో చెప్పించుకుని రాసుకునేవారు. తొర్రూరు, మహబూబాబాద్, భూపాలపల్లి టెంట్ల నుంచి కూడా నా రెండు వాక్యాలే ఒక్క అక్షరం మారకుండా ఆ టీవీ ఆఫీసుకు చేరాయి. మూడో వారంలో దివిటీవాడు కొండ అంచున కాలు జారినట్టు చూపించారు. వాడి కేక కూడా వినిపించలేదు. ఆ శనివారం దూలాభాయ్ రెండు పెట్టెలతో రైలు దిగాడు.

ఎప్పటిలాగే చాయ్ తాగి, జేబులో నుంచి ఒక కాగితం తీసి నా ముందు పెట్టాడు. అది జనగామ నుంచి పోయిన అసలు ప్రతి, నా చేతిరాతతో ఉన్నది. ఆయన పెండ్లి పత్రికను తెలుగులో రాసి ప్రెస్సుకు ఇచ్చింది నేనే. నా అక్షరం ఆయనకు కొత్త కాదు.

"మంచి తెలుగు తమ్మీ. కామా గూడ ఏడ పెట్టాల్నో ఆడనే పెట్టిండు," అని, మళ్లీ మడిచి జేబులో పెట్టుకున్నాడు.

ఒక పెట్టె మోస్తూ ఆనాడు నేనూ ఆయన వెంట నర్మెట్టకు పోయాను. అక్కడ ఎవరు రాశారని ఆపా అడిగితే "జనం" అన్నాడు. ఆపాకు ఆ మాట సరిపోలేదు. కాగితం తీసి చూసింది, మొదటి సంతకం చదివి, ఇంక కిందికి చూడకుండానే మడిచేసింది. అప్పటినుంచి తాను చనిపోయేదాకా డ్రాయింగ్ సార్ ఎదురైతే ఆమె పలకరించలేదు. ఎందుకో ఆయనకు ఎన్నడూ తెలియదు. ఈ గ్రూపులో ఉన్నాడు కాబట్టి ఇప్పుడు తెలుస్తుంది. ఆ పక్కన కూర్చుని ఆమె వడ్డించిన అన్నం తిన్నవాణ్ణి నేను. ఆ రోజు కూర ఏమిటో గుర్తులేదు, కడుపునిండా తిన్నానని మాత్రం గుర్తుంది.

దూలాభాయ్ మళ్లీ రాయలేదు. ఇప్పుడు భూపాలపల్లిలో కూతురి దగ్గర ఉంటున్నాడు. పోయిన చలికాలంలో వెళ్లి, రెండవ వాక్యంతో సహా అంతా చెప్పాను. ఆయన చాటలో చిక్కుడుకాయలు పోసుకుని ఈనెలు తీస్తున్నాడు.

"నాకెరుకే," అన్నాడు.

"మరి గప్పుడే ఎందుకు అడగలే?"

"అడిగితే కాదంటుంటివి. నీతోని ఇంకో అబద్ధం ఎందుకు ఆడిపియ్యాలె?"

గద్దెనెక్కాక దివిటీవాడు ఏం మాట్లాడేవాడని అడిగాను. ఆయన ఒక కాయ తుంచి, పురుగుందేమోనని చూసి, చాటలో వేశాడు.

"యాదికి లేదు తమ్మీ," అన్నాడు.

ఇంతలో పక్క గదిలో మనవరాలు టీవీ పెట్టింది. ఏదో సినిమాలో కథానాయకుడు మన యాసలో శత్రువును ఎదిరిస్తున్నాడు, జనం జేజేలు పలుకుతున్నారు. మనం అప్పుడు అడిగినవన్నీ వచ్చాయి, రాష్ట్రం వచ్చింది, మన మాటను విని నవ్వేవాళ్లు ఇప్పుడు దాన్ని నేర్చుకుంటున్నారు. నేను ఆ మాటలు వింటూ ఇవి ఎవరు రాసి ఉంటారా అనుకున్నాను. బాగున్నాయో లేదో మాత్రం చెప్పలేకపోయాను, ఆ తేల్చి చెప్పే అలవాటు నాలో ఎప్పుడు పోయిందో తెలియదు. దూలాభాయ్ తల ఎత్తలేదు. ఆ గది వైపు ఒక చెవైనా పెడతాడేమోనని కాసేపు చూసి, చాటలో సగం కాయలు నా ముందుకు లాక్కుని ఈనెలు తీయడం మొదలుపెట్టాను.