మీగడ చెదరని చెయ్యి

మా శిక్షణ గదిని ఇన్నేళ్లుగా నడిపిన మేడమ్ పోయిన శుక్రవారం శాలిబండలోని తమ ఇంట్లో కన్నుమూశారు. కబురు అందేసరికి నేను షేర్ ఆటోలో ఉన్నాను. సంతాప సభ ఇంకా జరగలేదు, ఆమె మీద అభియోగం మాత్రం అప్పుడే క్యాంటీన్ బల్లల చుట్టూ తిరుగుతోంది: "ఎలుకల కోసం మనుషులను ఏడిపించింది." దాని వెనకే ఒక ప్రతిపాదన కూడా వచ్చింది. వచ్చే బ్యాచ్ నుంచి చెయ్యి నిలకడ చూసే పరీక్ష ఎత్తేసి, వీడియో చూపించి సర్టిఫికెట్ ఇస్తారట. ఎదుటివారి వాదనను వక్రీకరించకుండా వినిపించాకే ఖండించాలన్నది డిబేట్లలో నేను పాటించే నియమం. అందుకే ఆ వాక్యాన్ని ఉన్నదున్నట్టు రాశాను. ఇక నా జవాబు.

చుంచెలుకల గుండె ఎంత బలంగా పనిచేస్తున్నదో అల్ట్రాసౌండ్‌తో కొలవడం పరిశోధక విద్యార్థులకు దగ్గరుండి నేర్పడం ఆమె ఉద్యోగం. ఎలుకకు మత్తు వాయువు ఇచ్చి, వెచ్చటి పలక మీద వెల్లకిలా పడుకోబెట్టి, రొమ్ము మీది వెంట్రుకలు తీసి, జెల్ రాసి, తెర మీద గుండెను చూపే ప్రోబ్ ఆనించాలి. ఆ గుండె శనగ గింజంత. కాస్త గట్టిగా నొక్కితే నలుగుతుంది. మత్తు ఎక్కువైనా, ఒళ్లు చల్లబడినా మందగిస్తుంది. తెర మీద అంకె మాత్రం వస్తూనే ఉంటుంది. అది తప్పుడు అంకె అని యంత్రం చెప్పదు.

అందుకే ఆమె కొత్తవారికి ఎలుకను ఇచ్చేవారు కాదు. వాళ్ల గల్లీలోని డెయిరీ నుంచి పాలు తెచ్చి, కాచి, వెడల్పాటి గిన్నెలో చల్లారనిచ్చేవారు. మీగడ కట్టాక, పనికిరాని పాత ప్రోబ్‌ను దాని మీద ఆనించి నిలపాలి. మీగడ చిరిగితే మళ్లీ పాలు కాచాల్సిందే.

"మేడమ్, గీ పాలు ఖరాబ్ చేసే బదులు చాయ్ పెట్టొద్దా?" అని మా బ్యాచ్ అమ్మాయి ఒకరోజు విసుక్కుంది.

"పెడ్తా బేటా. నీ చెయ్యి కింద మీగడ ఒక్కపారి నిల్వనియ్యి. గప్పటిదాంక నాకు గూడ చాయ్ లేదు."

నిజంగానే తాగలేదు. ఆ సాయంత్రం చాయ్ లేక ఆమెకు వచ్చిన తలనొప్పికి కారణం తానేనని ఆ అమ్మాయి ఇప్పటికీ అంటుంది.

నేను ఆమెతో తగాదా పడని వారం లేదు. ఒకసారి నేరుగానే అడిగాను: "చివరికి చంపుడే గద మేడమ్. మరి గింత నజాకత్, గింత సుకుమారం ఎవరి కోసం?"

పలక వెచ్చదనాన్ని చేతి వెనక భాగంతో చూస్తూ ఆమె అన్నారు: "చంపుడే. నేను కాదంటలేను. దాని జాన్ తీస్కొని మనం పట్టుకపోయేది ఒక్క అంకె. గది గూడ ఝూటా అయితే, అది ఎందుకు సచ్చినట్టు?"

నేను ప్రతివాదం లేవదీశాను. ఆమె పూర్తిగా విన్నారు. "లొల్లి తర్వాత చేద్దాం. ముందు జెల్ సీసా వెచ్చటి నీళ్లల్ల పెట్టు" అన్నారు.

ఇక అభియోగానికి మూలం. మా సీనియర్ ఒకతను గుండెను కాపాడే మందు మీద పనిచేస్తున్నాడు. గుండెజబ్బు తెప్పించిన ఎలుకల్లో మందు ఇవ్వనివాటి గుండెలు నీరసంగా, ఇచ్చినవాటివి దిట్టంగా తేలాయి. కోరుకున్న ఫలితం. మిఠాయి డబ్బా తెచ్చాడు. మేడమ్ ఒక ముక్క అందుకుని, తెర మీద గుండె వేగం చూసి, దాన్ని కాగితం మీద పెట్టేశారు.

"మందియ్యని వాటికి మత్తు ఎక్కువ పెట్టినవా?"

"అవి జర కదులుతుండె మేడమ్."

"గందుకే గుండె నెమ్మదిగ కొట్టుకుంటుంది. ఇది బీమారి కాదు బేటా, నీ మత్తు. అన్నీ మళ్ల కొలువు."

"పేపర్ ఆగిపోతది!"

"ఆగనీ."

మళ్లీ కొలిచినన్నాళ్లూ ఆమె అతని పక్కనే కూర్చున్నారు. తేడా బాగా తగ్గిపోయింది. పేపర్ ఆలస్యమైంది, ఆశపడిన ఉద్యోగం చేజారింది. అతను ఏడవడం నేను చూశాను. ఆ నష్టాన్ని తేలిగ్గా తీసిపారేయను. కానీ ఆ మొదటి అంకెను నమ్మి రేపు ఒక డాక్టర్ మందు రాస్తే, దాన్ని మింగిన రోగి ఎవరి మీద అభియోగం మోపాలి?

అంత్యక్రియల రోజు మేడమ్ ఇంటి ముందు వేసిన కుర్చీల్లో ఆ సీనియర్ కూడా ఉన్నాడు. పక్కింటివాళ్లు ఇచ్చిన చాయ్ అతని చేతిలో చల్లారి మీగడ కట్టింది.

"తాగన్నా" అన్నాను.

"ఆగు" అన్నాడు, కప్పు కదపకుండా.

సంతాప సభకు వచ్చే మీ అందరినీ ఒకటే అడుగుతున్నాను. దండలు వేయకముందే లేచి నిలబడండి. ఆ వీడియో ప్రతిపాదన వెనక్కి తీసుకోవాలని, చెయ్యి కుదిరేదాకా ఎవరికీ ప్రాణిని అప్పగించకూడదని పట్టుబట్టండి. ఆమె ఫోటో ముందు నేను పాల గిన్నె పెడతాను, పాత ప్రోబ్ కూడా. ఆమెను తప్పుపట్టదలచినవారు ముందుగా వచ్చి మీగడ మీద చెయ్యి నిలపాలి. ఆ తర్వాత మాట్లాడాలి.