చేపల ఐసు

కంపెనీ క్యాబ్ తప్పిపోవడంతో మేడ్చల్‌లో బస్సెక్కాను. ఒళ్లో ఎంజైమ్ సీసాల డబ్బా. ఎంజైమ్ తాను ఖర్చు కాకుండానే రసాయన చర్యను వేగవంతం చేస్తుంది; వేడికి ఆకారం చెడితే మాత్రం ఇక పనిచేయదు. డబ్బాలో ఐసు కరిగిపోతోంది.

చేపల పెట్టెతో ఒక పెద్దాయన సీటు మారి నా పక్కకే వచ్చాడు.

“గా డబ్బల ఏమున్నది సారూ?”

“మందులు.” అబద్ధమాడి డబ్బాను దగ్గరికి లాక్కున్నాను.

“మందులకు గింత భయమేంది? నీళ్లు కారుతున్నయ్ సూడు. చేప సచ్చినా లోపల పని నడుస్తనే ఉంటది. ఐసు పెడితెనే నిమ్మళిస్తది,” అంటూ తన పెట్టెలోంచి రెండు దోసిళ్ల ఐసు తీశాడు.

చచ్చిన చేపను మెత్తబరిచేవీ ఎంజైములే. అయినా ఆయన్ను డబ్బా ముట్టనివ్వలేదు. ఐసు నేనే వేసుకుని మూత బిగించాను. శామీర్‌పేటలో ఆయన దిగిపోయాడు.

తుర్కపల్లి ల్యాబులో కొలిస్తే డబ్బా లోపల నాలుగు డిగ్రీలుంది; ఎంజైములు చెడలేదు. ఆయన చేపలకు ఐసు ఎంత మిగిలిందో నేను చూడనేలేదు.